ఆర్టీమియా జాడీలో మగవాటి పోటీని గమనించడం ఎలా?

మగవాటి పోటీ అనగానే పొట్టేళ్లు ఢీకొట్టుకోవడమే మన కళ్ల ముందుకొస్తుంది. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలైన చిన్న క్రస్టేషియన్లలో, అంటే సెంటీమీటరు అటూ ఇటూ ఉండే జీవుల్లో, పోటీ చాలావరకు అలా కనిపించదు. మగది ఆడదాన్ని ముందుగానే పట్టుకుంటుంది. పట్టుకుని గంటలకొద్దీ, కొన్ని జాతుల్లో రోజులకొద్దీ, వదలకుండా దాంతోపాటే తిరుగుతుంది. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట. ఇంకొకడు వస్తాడన్న భయం లేకపోతే ఎవరూ కర్చీఫ్ వేయరు కదా.

అందుకే ఈ పోటీని చూడాలంటే కొట్లాట కోసం వెతకొద్దు, టైమ్ లెక్కపెట్టండి. మగది ఎంతసేపు పట్టుకుంది, ఎప్పుడు వదిలింది, ఎందుకు వదిలింది అన్న మూడింటిలోనే కథంతా ఉంది. దీన్ని ఇంట్లో, గాజు జాడీల్లో, ఒక నెల ఓపికతో చూడొచ్చు. అందుకు నేను ఎంచుకునేది ఆర్టీమియా. రొయ్యల హేచరీల్లో, అక్వేరియంలలో రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు మేతగా వాడే ఉప్పునీటి జీవి ఇదే.

1. ముందు డబ్బా మీద పేరు చదవండి

ఆర్టీమియా గుడ్లు సిస్టుల రూపంలో, అంటే ఎండిన గోధుమరంగు పొడిలా, డబ్బాల్లో దొరుకుతాయి. డబ్బా మీద ఆర్టీమియా ఫ్రాన్సిస్కానా అని ఉంటే నిశ్చింత. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చేది ఈ జాతే. ఇందులో ఆడా మగా రెండూ ఉంటాయి. ఆసియా, యూరప్ ఉప్పు సరస్సుల్లోని కొన్ని ఆర్టీమియా రకాల్లో మాత్రం మగవి దాదాపు ఉండవు. ఆడవి మగవాటితో పని లేకుండానే పిల్లల్ని కంటాయి. అలాంటి డబ్బా కొంటే నెలంతా కష్టపడి పెంచాక జాడీలో ఆడవాళ్ల హాస్టల్ తయారవుతుంది.

ఒక గ్రాములో రెండు లక్షలకు పైగా సిస్టులు ఉంటాయి. మీకు కావలసింది చిటికెడు, అదీ చిన్న చిటికెడు.

2. పొదిగించండి

లీటరు నీళ్లకు 30 గ్రాముల ఉప్పు వేయండి. అయొడిన్ కలపని ఉప్పు అయితే పొదగడానికి చాలు. పెద్దయ్యేదాకా పెంచడానికి మాత్రం అక్వేరియం సముద్రపు ఉప్పు వాడండి, తేడా మీకే తెలుస్తుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు తెరిచి ఉంచండి. ఎయిర్ పంపుతో గట్టిగా బుడగలు రావాలి. వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. పైన లైటు వెలగాలి, ఎందుకంటే నీళ్లలో పడ్డ తొలి గంటల్లో వెలుతురు తగలకపోతే చాలా సిస్టులు మేలుకోవు.

ఇరవైనాలుగు గంటల్లో నారింజ రంగు చుక్కలు కదలడం మొదలవుతుంది. పంపు ఆపి, జాడీకి ఒక పక్క టార్చి పెట్టండి. పిల్లలన్నీ వెలుతురు వైపు చేరతాయి, డొల్లలు పైకి తేలతాయి. డ్రాపర్‌తో పిల్లల్ని మాత్రమే తీసుకోండి.

3. పెంచండి, అదే అసలు కష్టం

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. నా మొదటి మూడు జాడీలూ ఇక్కడే పోయాయి. కారణం ఒక్కటే, ప్రేమకొద్దీ మేత ఎక్కువ వేయడం.

పుట్టిన వెంటనే వీటికి మేత అక్కర్లేదు, ఒంట్లో ఉన్న సొనతో బతుకుతాయి. సుమారు పన్నెండు గంటల తర్వాత, ఇంకో దశలోకి వచ్చాకే తింటాయి. నీళ్లలో తేలే సన్నటి రేణువుల్ని వడగట్టుకుని తింటాయి కాబట్టి మేత పొడి మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. 50 మైక్రాన్లు దాటిన ముక్క వాటి నోటికి పట్టదు. స్పిరులినా పొడిని నీళ్లలో బాగా కలిపి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, పైనున్న పచ్చనీళ్లు మాత్రం కొన్ని చుక్కలు వేయండి. ఈస్ట్ అయినా పనికొస్తుంది, కాకపోతే నీళ్లు తొందరగా పాడవుతాయి. గుర్తు ఒకటే పెట్టుకోండి. ఇవాళ వేసిన మేత రేపు ఇదే వేళకు నీళ్లలో కనిపించకూడదు. ఇంకా మసగ్గా ఉంటే ఆ పూట పస్తు పెట్టండి, ఏమీ కాదు.

ఆవిరై తగ్గిన నీటి స్థానంలో మామూలు నీళ్లే పోయండి. ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్లే పోయాయి. మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే జాడీ రోజురోజుకీ చిక్కబడుతుంది.

లీటరుకు యాభై మించి ఉంచకండి. పదిహేను సార్లు దాకా పెంకు వదిలి పెద్దవవుతాయి. అన్నీ బాగుంటే ఎనిమిది రోజుల్లో కూడా ఈడేరతాయి గానీ, ఇంటి జాడీలో రెండు మూడు వారాలు పడుతుందని అనుకోవడం మంచిది.

4. ఆడా మగా వేరుచేయండి, జంటలు కట్టకముందే

రెండో వారం దాటగానే రోజూ చూడాలి. నల్ల కాగితం వెనక పెట్టి, పక్క నుంచి టార్చి వేస్తే పారదర్శకమైన ఒళ్లు మెరుస్తుంది. జీవి తలకిందులుగా ఉందని కంగారు పడకండి, ఇవి వెల్లకిలా ఈదుతాయి. పదకొండు జతల కాళ్లు పైకి పెట్టి, అలలా ఆడిస్తూ.

మగదాని తల చూస్తే అనుమానం ఉండదు. రెండో జత మీసాలు ఉబ్బి, వంగి, పట్టుకారులా ముందుకొస్తాయి. ఆడదానికి తల దగ్గర అలాంటి పట్టుకారు ఉండదు. కాళ్లు అయిపోయిన చోట, తోక మొదలయ్యే చోట, చిన్న సంచి ఉంటుంది. గుడ్లు దిగాక ఆ సంచి బొడిపెలా ఉబ్బుతుంది.

డ్రాపర్ మూతి కత్తిరించి వెడల్పు చేసుకుని, ఒక్కోదాన్నీ పీల్చి రెండు జాడీల్లోకి మార్చండి. ఒకటి ఆడవాటికి, ఒకటి మగవాటికి. ఈ పని ఆలస్యమైతే ప్రయోగం పాడైనట్టే, ఎందుకో ఆరో అంచెలో చెబుతాను.

5. ముందు ఒక్క జంటను ఊరికే చూడండి

కొలతలు, లెక్కలు పక్కన పెట్టి ఒక గాజు గ్లాసులో ఒక ఆడదాన్నీ ఒక మగదాన్నీ వేసి కుర్చీ లాక్కుని కూర్చోండి.

కాసేపు రెండూ తమ దారిన తాము తిరుగుతాయి. ఎప్పుడో దగ్గరగా రాగానే మగది ఉన్నట్టుండి దిశ మార్చి వెనకపడుతుంది. ఆడదాని వెనక నుంచి వచ్చి, ఆ పట్టుకారును సంచికి కాస్త ముందు, ఆఖరి జత కాళ్ల వెనక వేస్తుంది. సరిగ్గా అక్కడే, నడుముకు బెల్టు పెట్టినట్టు. ఆడది ఊరుకోదు. విల్లులా వంగి విదిలిస్తుంది, గిర్రున తిరుగుతుంది. తొలి పట్టు జారిపోవడం మామూలే. రెండోసారో మూడోసారో పట్టు కుదిరాక ఒక క్షణం రెండూ ఆగినట్టవుతాయి, తర్వాత మగదాని కాళ్లూ ఆడదాని కాళ్లూ ఒకే తాళంలో ఆడడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండూ ఒక్క జీవిలా ఈదుతాయి. మధ్యమధ్య మగది తోకభాగాన్ని ముందుకు వంచి సంచి వైపు తెస్తుంది. జతకట్టే ప్రయత్నం అదే, అదీ క్షణాల పని.

మరి క్షణాల పనికి గంటల పట్టు ఎందుకు? ఆర్టీమియా ఆడది వీర్యాన్ని దాచుకోలేదు. ప్రతి కాన్పుకూ మళ్లీ జతకట్టాలి. నాలుగైదు రోజులకో కాన్పు, ఒక్కో కాన్పులో మూడువందల దాకా పిల్లలో సిస్టులో. అండాశయం నుంచి గుడ్లు దిగే ఆ కొద్ది సమయంలో పట్టు ఎవరిదైతే పిల్లలు వాడివి. ఆ వేళ ఎప్పుడొస్తుందో చూసుకుని తీరిగ్గా వద్దామనుకునే మగదానికి అప్పటికే నడుము మీద ఇంకొకడు కనిపిస్తాడు.

ఈ లెక్కను సూత్రంగా రాసింది బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జెఫ్రీ పార్కర్, 1974లో. అందరూ ఒక రోజు ముందు పట్టుకుంటుంటే రెండు రోజుల ముందు పట్టుకున్నవాడికి లాభం. అందరూ రెండు రోజులకు వస్తే మూడు రోజులవాడికి లాభం. ఇలా పాకుతూ పోయి ఎక్కడ ఆగుతుంది? పట్టుకుని ఉన్నంతసేపు ఇంకో ఆడది దొరికే అవకాశం పోతుంది కదా. ఆ నష్టం లాభాన్ని మించిన చోట ఆగుతుంది. అంటే పట్టు ఎంతసేపు అన్నది చుట్టూ ఆడవి ఎన్ని, మగవి ఎన్ని అన్న దాన్ని బట్టి మారాలి. మనం పరీక్షించబోయేది ఈ ఒక్క మాటనే.

6. జాడీలు సిద్ధం చేయండి

తొలిసారి నేను చేసిన తప్పు చెబుతాను. మగవి ఎక్కువున్న జాడీ ఒకటి, ఆడవి ఎక్కువున్న జాడీ ఒకటి పెట్టి, గంటకోసారి ఎన్ని జంటలున్నాయో లెక్కపెట్టాను. మగవి ఎక్కువున్న చోట ఆడవన్నీ పట్టులో ఉన్నాయి, ఆహా అనుకున్నాను. రెండు మగవి, ఆరు ఆడవి ఉన్న జాడీలో రెండుకు మించి జంటలు ఎలా ఉంటాయి? అది ప్రవర్తన కాదు, ఒకటో తరగతి లెక్క. పైగా ఆడవన్నీ కలగలుపు తొట్టిలోంచి తెచ్చినవి. ఏది ఏ దశలో ఉందో తెలియదు. ఒకదానికి గుడ్లు దిగబోతున్నాయి, ఇంకోదానికి దిగి రెండు రోజులైంది. వాటి పట్టు సమయాలు పోల్చడం అంటే సగం సినిమాకి వచ్చినవాణ్ణీ మొదట్నుంచీ చూసినవాణ్ణీ ఒకే ప్రశ్న అడగడం లాంటిది.

కాబట్టి ఇలా చేయండి. ఒకే రోజు పొదిగిన, ఇంతవరకు మగదాన్ని చూడని ఆడవాటినే తీసుకోండి. నాలుగో అంచెలో వేరుచేయమన్నది ఇందుకే. ఒక ఆడదాన్నీ ఒక మగదాన్నీ గ్లాసులో వేసి పట్టు కుదిరేదాకా ఆగండి. కుదిరిన నిమిషం రాసుకుని, ఆ జంటను చెంచాడు నీళ్లతో సహా మెల్లగా అసలు జాడీలోకి జార్చండి. జాడీలు రెండు రకాలు. ఒకదాంట్లో ముందే ఐదు ఒంటరి ఆడవి ఉంటాయి. ఇంకోదాంట్లో ఐదు ఒంటరి మగవి. నీళ్లు, ఉప్పు, వేడి, వెలుతురు, మొత్తం ఏడు జీవులు, అన్నీ సమానం. తేడా ఒక్కటే, చుట్టూ ఉన్నది అవకాశమా, పోటీనా అన్నది.

మీ జంటను మిగతావాటిలో గుర్తుపట్టాలి కదా. ఒంటికి రంగు పూయడం కుదరదు. కొంచెం పెద్ద సైజు మగదాన్ని జంటలో పెట్టి, ఒంటరివాటిని కాస్త చిన్నవి ఎంచుకోండి, అదీ రెండు రకాల జాడీల్లోనూ ఒకేలా. జాడీ కింద గ్రాఫ్ పేపర్ పెడితే పొడవు మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది.

మార్చిన ఐదు నిమిషాల్లోపే విడిపోతే ఆ జంటను లెక్కలోంచి తీసేయండి, అది మీ చెంచా చేసిన పని.

7. టైమ్ రాయండి

పావుగంటకోసారి చూడండి. పొద్దున్నే మొదలుపెడితే పది గంటలు చూడొచ్చు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే మర్చిపోతారు, నాది గ్యారంటీ.

ప్రతి జంటకూ రాయాల్సినవి ఇవి: పట్టు మొదలైన వేళ, కలిసి ఉండగా చివరిసారి చూసిన వేళ, విడిగా మొదటిసారి చూసిన వేళ. అసలు సమయం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. రాత్రి మీరు నిద్రకు వెళ్లేసరికి ఇంకా కలిసే ఉంటే ఆ జంటను పారేయకండి, పది గంటల పైన అని రాయండి. ఎక్కువసేపు నిలిచినవాటినే లెక్కలోంచి తీసేస్తే సగటు తప్పు చెబుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన గడి ఇంకొకటి ఉంది. ఎలా విడిపోయాయి? మగది తనే వదిలేసి ఇంకోదాని వెంట పడిందా? వేరే మగది వచ్చి మీద పడి లాగేసిందా? ఆడది విదిలించుకుందా? సగటు సమయం ఒకటే వచ్చినా కారణాలు వేరైతే అది వేరే కథ. ఆడవి నిండిన జాడీలో పట్టు తొందరగా వదిలితే, మగది ఇంకో అవకాశం వైపు వెళ్లిందని అనుకోవచ్చు. మగవి నిండిన జాడీలో తొందరగా విడిపోతే అది ఓటమి. అదే మగవి నిండిన జాడీలో పట్టు ఇంకా ఎక్కువసేపు నిలిస్తే, పార్కర్ చెప్పిన లెక్కకు దగ్గరగా వచ్చినట్టు. మగవి ఎక్కువైనప్పుడు పట్టు సాగడం యాంఫిపాడ్లు, ఐసోపాడ్లు అనే చిన్న క్రస్టేషియన్ల గుంపుల్లో పలుమార్లు కనిపించింది. ప్రతి జాతిలోనూ, ప్రతిసారీ అలాగే వస్తుందని మాత్రం కాదు.

ఒక మగది ఇంకో మగదాన్నే పట్టుకోవడం కూడా అప్పుడప్పుడు చూస్తారు. నవ్వొస్తుంది గానీ రాసుకోండి. పోటీ ఎక్కువగా ఉన్నచోట ఆగి, ఆడదో మగదో తేల్చుకుని పట్టుకునేంత తీరిక లేదన్నమాట.

ఒక్కో రకం జాడీకి కనీసం పదేసి జంటలైనా చూడాలి. ఒకే రోజు కుదరదు, రోజుకు ఒక్కో రకానివి రెండేసి పెట్టండి. ఆడవి ఉన్న జాడీలన్నీ సోమవారం, మగవి ఉన్నవన్నీ మంగళవారం అంటే మంగళవారపు ఎండను కూడా కొలిచినట్టవుతుంది.

8. ఆడదాని వైపు నుంచి కూడా చూడండి

మగవాటి పోటీ అన్న పేరు పెట్టుకోవడం వల్ల ఆడదాన్ని బహుమతిలా చూసే అలవాటు వచ్చేస్తుంది. ఆ విదిలింపులు గుర్తున్నాయి కదా. నడుము మీద ఒకడిని మోస్తూ తిరగడం ఆడదానికి ఖర్చే. బాల్టిక్ సముద్రంలో నాచు మీద బతికే ఐడోటియా బాల్టికా అనే ఐసోపాడ్‌లో ఆడవి గట్టిగా పెనుగులాడతాయి. ఆ పెనుగులాట వల్లనే కాపలా సమయం తగ్గుతుంది. అంటే మీరు కొలిచే నిమిషాలు మగది కోరుకున్నవీ కావు, ఆడది కోరుకున్నవీ కావు, ఇద్దరి మధ్యా తెగిన బేరం.

ఈ బేరం ఎంత లోతుగా పోతుందో గ్రేట్ సాల్ట్ లేక్ సిస్టులే చెప్పాయి. సిస్టులు ఎండిన స్థితిలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటాయి. ఫ్రాన్స్ పరిశోధకులు 1985, 1996, 2007ల్లో సేకరించిన సిస్టుల్ని పొదిగించి, ఒక కాలపు ఆడవాటిని ఇంకో కాలపు మగవాటితో జతచేశారు. ఫలితం 2011లో వచ్చింది. రెంటి మధ్య ఏళ్ల దూరం పెరిగేకొద్దీ ఆడవి తొందరగా చనిపోయాయి. తన కాలపు మగవాటితో ఎలా నెగ్గుకురావాలో ఆడదానికి తెలుసు, వేరే కాలపు మగది కొత్త శత్రువు. జాడీ పక్కన కూర్చుని ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

9. మీ జాడీలో కనిపించనివి కూడా తెలుసుకోండి

మీ ఫలితాల్ని క్రస్టేషియన్లన్నిటికీ అంటగట్టకండి. మంచినీటి వాగుల్లో ఉండే గమ్మారస్ ప్యూలెక్స్ అనే యాంఫిపాడ్‌లో ఆడది పెంకు వదిలిన కొద్ది గంటల్లోనే జతకట్టగలదు. కాబట్టి మగది ఆ ఘడియకు రోజుల ముందే ఆడదాన్ని పొట్ట కింద పెట్టుకుని మోస్తూ తిరుగుతుంది. మోయాలి కాబట్టి అక్కడ మగదే పెద్దది. పెద్ద మగవి పెద్ద ఆడవాటితో కనిపిస్తాయి. దాన్ని చూసి మగవి ఎంచుకున్నాయనేయకండి, చిన్న మగది పెద్ద ఆడదాన్ని వాగు పారుదలలో మోయలేకపోవడం కూడా కారణం కావచ్చు. సముద్రతీరపు రాతి గుంటల్లో ఉండే టిగ్రియోపస్ కాలిఫోర్నికస్ అనే చిన్న క్రస్టేషియన్ ఇంకా ముందుకు పోయింది. ఆడది జీవితంలో ఒక్కసారే జతకడుతుంది, అందుకని మగది ఇంకా ఈడేరని పిల్లనే పట్టుకుని చివరి పెంకు వదిలేదాకా కాస్తుంది.

అన్నిటికంటే నాకిష్టమైనది గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలో స్పాంజిల లోపల ఉండే పారాసెర్సిస్ స్కల్ప్టా అనే ఐసోపాడ్. స్టీఫెన్ షుస్టర్ అనే జీవశాస్త్రవేత్త దీన్ని ఏళ్ల తరబడి చూశాడు. ఇందులో మగవి మూడు రకాలు. ఆల్ఫా పెద్దది, తోక దగ్గర పొడవాటి కొమ్ముల్లాంటివి ఉంటాయి, స్పాంజి గుమ్మంలో కాపలా కాస్తుంది. బీటా అచ్చం ఆడదానిలా ఉంటుంది, ఆడదానిలాగే నటిస్తూ కాపలాదారు కళ్ల ముందే లోపలికి పోతుంది. గామా మరీ చిన్నది, సందు దొరికితే దూరిపోతుంది. షుస్టర్, అతని తోటి పరిశోధకుడు మైకేల్ వేడ్ 1991లో చూపించిందేమిటంటే, మొత్తం మీద లెక్కేస్తే మూడు రకాలకూ దక్కేది సగటున సమానమే. స్పాంజిలో ఒకే ఆడది ఉంటే ఆల్ఫాదే పైచేయి, ఆడవి ఎక్కువైతే కాపలా పలచబడి దొంగదారివాళ్లకు వాటా పెరుగుతుంది. ఆర్టీమియాలో ఇలాంటి మూడు రకాలు లేవు. కానీ మీ జాడీలో పట్టు దొరక్క తిరిగే చిన్న మగవి ఏం చేస్తున్నాయో ఒక కన్నేసి ఉంచండి. అవి జంటల చుట్టూ తచ్చాడుతున్నాయా, ఒంటరి ఆడవాటినే వెతుకుతున్నాయా? దానికి నోటుబుక్కులో వేరే పేజీ ఇవ్వండి.

10. అయిపోయాక నీళ్లు ఎక్కడ పోయాలి

చెరువులోనో, కాలవలోనో, ఉప్పు మడుల్లోనో పోయకండి. ఆర్టీమియా ఫ్రాన్సిస్కానా మనుషుల చేతుల మీదుగా మధ్యధరా తీరపు ఉప్పు మడుల్లోకి చేరి, అక్కడి సొంత జాతుల్ని చాలాచోట్ల వెళ్లగొట్టింది. సన్నటి గుడ్డలో వడగట్టి, జీవుల్ని అక్వేరియం చేపలకు వేయండి. ఆ నీళ్లను మరిగించాకే పారబోయండి, గుడ్డను, జాడీలను మరిగే నీళ్లతో కడగండి. జాడీ గోడకు నీటి మట్టం దగ్గర గోధుమరంగు గీతలా అంటుకున్నవి సిస్టులు, వాటిని గీకి తీయకపోతే మీ తర్వాతి ప్రయోగంలో పిలవని చుట్టాల్లా పుట్టుకొస్తాయి.